తొమ్మిది రోజుల కన్ను

ఆ ఇంట్లో అందరికంటే ముందు లేచేది హెయిర్ డ్రయ్యర్.

జుట్టు ఆరబెట్టుకోవడానికి కాదు. వంటింటి కిటికీ పక్కన స్టూలు వేసుకుని, చెయ్యి బారుగా చాచి, డ్రయ్యర్ని తన ముఖం వైపు తిప్పుకుని, కళ్లు రెండూ విప్పార్చి కూర్చునేది టీచరమ్మ. రాత్రంతా మూసి ఉన్న రెప్పల కింద ఆవిడ కార్నియాలు, అంటే నల్లగుడ్డు మీది అద్దంలాంటి పొరలు, నీరు పట్టి ఉబ్బేవి. లేచి చూస్తే లోకమంతా ఆవిరి పట్టిన అద్దంలా ఉండేది. ఆ వెచ్చటి గాలికి కాస్త నీరు ఆరితే తప్ప పాలగిన్నె ఏదో పిండిగిన్నె ఏదో తెలిసేది కాదు. మధ్యాహ్నానికి చూపు తేటపడేది. మర్నాడు పొద్దున్నకి మళ్లీ మొదటికొచ్చేది.

"అమ్మాయీ, ఆ గాలి ఆపితే నేను రేడియో వింటాను," అంది హాల్లోంచి అత్తగారు.

"మీ రేడియో నిన్ననే మూగబోయింది కదా అత్తయ్యా."

"అదే వింటాను. గొంతు వచ్చిందేమోనని."

టీచరమ్మ నవ్వింది. డ్రయ్యర్ మాత్రం ఆపలేదు.

ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేది. ఇరవై ఏళ్ల పైచిలుకు అదే పని. ఆ పేటలో కారు నడిపే ఆడవాళ్లలో సగం మందికి గేరు మార్చడం నేర్పింది ఆవిడే. ఏడాది కిందట ఒక పొద్దున్న, ఎదురుగా వస్తున్న బస్సు దీపాలు పగిలిన సూర్యుళ్లలా కళ్లనిండా పరుచుకున్నాయి. శిష్యురాలి చేత కారు పక్కకి ఆపించి, తాళాలు స్కూల్లో అప్పజెప్పి, నడుచుకుంటూ ఇంటికొచ్చేసింది. మళ్లీ స్టీరింగు ముట్టలేదు.

"కంటి పొర లోపలి వైపు కణాలుంటాయి. నీటిని ఎప్పటికప్పుడు బయటికి తోడెయ్యడమే వాటి పని. మీకవి బాగా తగ్గిపోయాయి, మళ్లీ పుట్టవు. దాత ఇచ్చిన పొర వెయ్యాలి," అంది కళ్ల డాక్టరు. ముందు ఎడమ కంటికి, అది బాగుపడ్డాక కుడి కంటికి. ఆస్పత్రివాళ్లు పేరు రాసుకున్నారు. అప్పట్నుంచీ ఇంట్లో ఫోన్ మోగితే చాలు, అందరూ చేస్తున్న పని ఆపేసేవాళ్లు.

ఆ బుధవారం మోగింది.

టీచరమ్మకి మీటలు సరిగా ఆనవు కాబట్టి ఎప్పుడూ స్పీకర్లోనే పెట్టేది. ఆస్పత్రిలో ఈ ఏర్పాట్లన్నీ చూసే కోఆర్డినేటర్ గొంతు వంటింటి నిండా వినిపించింది.

"మీకు కార్నియా వచ్చిందండీ. రేపు పొద్దున్న ఆపరేషన్ పెట్టుకోవచ్చు. ఒక సంగతి ముందే చెప్పాలి. దాన్ని సేకరించి, చల్లటి ద్రావణంలో నిల్వ చేసి రేపటికి తొమ్మిది రోజులవుతుంది. డాక్టరుగారు వివరాలన్నీ చూశారు, వాడదగ్గదే అన్నారు. మీకు సమ్మతమేనా?"

"సమ్మతమే," అంది టీచరమ్మ, గుటక కూడా వెయ్యకుండా. "ఎన్నింటికి రమ్మంటారు?"

ఫోన్ పెట్టేశాక ఆవిడ స్టూలు మీంచి లేచి, తడుముకుంటూ వెళ్లి అత్తగారిని కావలించుకుంది. కూతురు అప్పుడే స్నానం చేసి వచ్చింది. విషయం విని తడి తలతోనే అమ్మ వీపుకి అతుక్కుపోయింది. ముగ్గురూ కలిసి ఊగుతుంటే గుమ్మంలోంచి ఒక గొంతు వినిపించింది.

"ఎన్ని రోజులన్నారు?"

ఇంటాయన. వేలం నుంచి వచ్చి, చేతిలో చేపల సంచీతో నిలబడిపోయి ఉన్నాడు.

బజార్లో ఆయన్ని అందరూ కళ్ల బాబాయ్ అంటారు. ముప్పై ఏళ్లుగా చేపల దుకాణం. వేలంలో అమ్మేవాడు ఎంత వాగినా పట్టించుకోడు. వంగి, చేప కంట్లోకి ఒక్క చూపు చూస్తాడు. నల్లగుడ్డు నిగనిగలాడుతూ, కన్ను ఉబ్బెత్తుగా ఉంటే తాజా. తెల్లబడి గుంటపడితే, ఊరికే ఇచ్చినా తీసుకోడు. నిన్నటి సరుకు ఆయన బల్ల మీద ఏనాడూ కనిపించలేదు. దుకాణానికి బోర్డు కూడా లేదు, అక్కర్లేక.

"తొమ్మిది రోజులు నాన్నా. ఏం ఫర్వాలేదు," అంది కూతురు. ఆ అమ్మాయి పని చేసేది ఐ బ్యాంకులోనే. దాతల కార్నియాల్ని మైక్రోస్కోపు కింద పెట్టి కణాలు లెక్కించడం తన ఉద్యోగం. సొంత తల్లి కేసు కాబట్టి దీన్ని మాత్రం తను ముట్టలేదు, సహోద్యోగి చూసింది.

"తొమ్మిది రోజులు ఐసులో పెట్టినదాన్ని మీ అమ్మ కంట్లో పెడతారా?"

"ఐసు కాదు నాన్నా. కణాలకి ఆహారం ఉండే ద్రావణం. గడ్డకట్టకుండా చల్లగా ఉంచుతాం. దీనిమీద పెద్ద అధ్యయనమే జరిగింది. వారం లోపు వాడినవీ, వారం దాటాక వాడినవీ పోల్చి చూశారు. ఎక్కించిన మూడేళ్లకి కూడా రెండింట్లోనూ నూటికి తొంభై పైనే తేటగా ఉన్నాయి. పదకొండు రోజుల దాకా చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండు వారాలకి దగ్గరపడేకొద్దీ కాస్త తగ్గుతుంది, అంతే."

"కాస్త తగ్గుతుందని నువ్వే అంటున్నావ్."

"రెండు వారాలకి దగ్గరపడితే అన్నాను. ఇది తొమ్మిది."

"మాకూ చెప్తారమ్మా వేలంలో, అరగంట కిందటే పడవ దిగిందని."

"ఒరే," అంది పెద్దావిడ కుర్చీలోంచి, "నాకు డెబ్భై ఎనిమిదేళ్లు. నన్నెప్పుడు బల్ల మీంచి తీసి పారేస్తావ్?"

కూతురు పక్కున నవ్వింది. ఆయన నవ్వలేదు. చేపల సంచీ తొట్టి పక్కన పెట్టి, భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ కళ్ల మీద పలచటి పాలపొర ఇంకా పూర్తిగా విడలేదు.

"ఇంకోటి వచ్చేదాకా ఆగుదామోయ్. కొత్తది."

"నేను సరేనన్నానండీ."

"ఆలోచించకుండా అన్నావు."

"ఏడాదిగా ఇంకేం ఆలోచిస్తున్నాననుకున్నారు?" అంది ఆవిడ. కోపంగా కాదు, సంతోషం మీద ఉంది. "వెళ్లండి, మీ గిరాకీలు ఎదురుచూస్తుంటారు. రేపు మాత్రం దుకాణం మూసెయ్యాలి, ముందే చెప్తున్నా."

ఆయన మాట్లాడకుండా వెళ్లిపోయాడు. మాట్లాడకుండా వెళ్లాడంటే ఏదో చేస్తాడని ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడకి తెలియాల్సింది. ఆ పొద్దున్న సంబరంలో మర్చిపోయింది.

*

దుకాణంలో చేప కోస్తున్నాడన్న మాటే గానీ ఆయన మనసు కత్తి మీద లేదు. ఒకావిడకి ముక్కలు కొట్టమంటే నిలువునా చీల్చి ఇచ్చాడు. ఇంకొకాయనకి చిల్లర రెండుసార్లు ఇవ్వబోయాడు.

పదింటికి గిరాకీ పలచబడింది. చేతులు కడుక్కుని, దుకాణం వెనక ఐసు పెట్టెల మధ్యకి వెళ్లి, ఆస్పత్రికి ఫోన్ చేశాడు.

"మా ఆవిడకి జ్వరం వచ్చిందండీ," అన్నాడు. అబద్ధం అలవాటు లేని మనిషి. గొంతు దానంతటదే దగ్గింది.

"అయ్యో, పొద్దున్న బాగానే మాట్లాడారే," అంది కోఆర్డినేటర్.

"ఇప్పుడే వచ్చింది."

"జ్వరం ఉంటే రేపు చెయ్యరండీ. సరే, ఈ కార్నియా వరసలో తర్వాతవాళ్లకి ఇస్తాం. ఆవిడకి తగ్గాక ఫోన్ చెయ్యండి."

"మళ్లీ వచ్చేది కొంచెం, అంటే..."

"ఏంటండీ?"

"ఏం లేదు. మంచిది."

ఫోన్ జేబులో పెట్టుకుని, పెద్ద గండం గడిచినట్టు ఊపిరి వదిలాడు. పాత సరుకు ఇంటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. భార్యకి ఎలా చెప్పాలన్నది సాయంత్రం చూసుకోవచ్చనుకున్నాడు.

సాయంత్రం దాకా ఆగే వ్యవహారం కాదది. గంట తిరక్కుండా ఐ బ్యాంకుకి కబురొచ్చింది, రేపటి ఆపరేషన్ రద్దు, కార్నియా మీ దగ్గరే ఉంచండి అని. కబురు అందుకున్న అమ్మాయి పక్క బల్ల దగ్గరున్న కూతురి వైపు జాలిగా చూసి, "మీ అమ్మగారికి ఎలా ఉంది?" అని అడిగింది.

కూతురు ఇంటికి ఫోన్ చేసింది.

"అమ్మా, జ్వరం ఎంతుంది?"

"ఎవరికి?"

"నీకు."

"నాకా? నేను రేపటికి బట్టలు సర్దుకుంటూ పాట పాడుకుంటున్నాను."

టీచరమ్మ చేతిలో బట్టలు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఆస్పత్రికి ఫోన్ చేసింది మగగొంతా?"

"అవునట. దగ్గుతూ మాట్లాడాడట."

"దుకాణం దగ్గరికి వచ్చెయ్," అంది టీచరమ్మ. ఫోన్ పెట్టేసి చెప్పులు వెతుక్కుంది. "అత్తయ్యా, తలుపేసుకోండి. మీ అబ్బాయితో పనుంది."

పెద్దావిడ అప్పటికే చేతికర్ర పట్టుకుని లేచింది. "నేనూ వస్తా. తయారుచేసింది నేను. లోపం ఎక్కడుందో నేనూ చూడాలి కదా."

*

ఆ వేళకి ఎండ బాగా వచ్చి, టీచరమ్మ చూపు కాస్త తేటపడింది. చేపల బజారులో తడి నేల, ఐసు కరిగి పారుతున్న నీళ్లు, నీలం గుడ్డ పందిళ్లు, అన్నీ అంచులు చెదిరిన బొమ్మల్లా కనిపిస్తున్నాయి. అత్తగారి చెయ్యి తను పట్టుకుందో, తన చెయ్యి అత్తగారు పట్టుకుందో తెలియకుండా ఇద్దరూ ఒకరినొకరు నడిపించుకుంటూ వచ్చారు. బజారు మొదట్లో కూతురు కలిసింది.

ముగ్గురు ఆడవాళ్లు వరసగా వస్తుంటే బల్ల ముందు నిలబడ్డ గిరాకీ ఒకాయన పక్కకి జరిగాడు. "బాబాయ్, వీళ్లు చేపల కోసమా, నీకోసమా?"

కళ్ల బాబాయ్ తలెత్తాడు. చేతిలో కత్తి బల్ల మీద పెట్టేశాడు.

"జ్వరం ఎలా ఉందండీ నాకు?" అంది టీచరమ్మ.

ఆయన చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"ముట్టుకుని చూడండి. దగ్గు కూడా ఉందట నాకు, మీ గొంతులో."

"నీ మంచికేనోయ్..."

"ఇరవై ఏళ్లు కార్లో పక్క సీట్లో కూర్చున్నాను. నా కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండేది. ఎంతమంది ఎన్ని తప్పులు చేసినా, నిజంగా ప్రమాదం వస్తే తప్ప దాన్ని తొక్కలేదు. ఎందుకంటే బండి నడిపేది వాళ్లు. ఇవాళ నా బండి నేను నడుపుకుంటున్నాను. మీరు నన్నడక్కుండా బ్రేకు తొక్కేశారు."

గిరాకీలు చేపల్ని చూస్తున్నట్టు నటిస్తూ ఒక్క మాటా వదలకుండా వింటున్నారు. ఆయన ముఖం ఎర్రబడింది. అయినా తగ్గలేదు.

"ముప్పై ఏళ్లలో మనింటికి ఒక్కనాడు నిన్నటి చేప తెచ్చానా?"

"తేలేదు."

"రోజూ బల్ల మీద పెట్టకముందే అన్నిట్లోకి మంచిది తీసి పక్కన పెడతాను. అది ఎవరు ఎంతిస్తానన్నా అమ్మను. అది నీది. తిని పారేసే ముక్క దగ్గరే అంత చూసుకున్నానే. ఇది నీ కంట్లో బతికినంత కాలం ఉండేది. అది మాత్రం తొమ్మిది రోజులది తెచ్చి పెడతానంటే నేనెలా సరేననను? ఒంట్లో అన్నిటికంటే ముందు పాడయ్యేది కన్నే. అది నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?"

కూతురు ఏదో అనబోతే టీచరమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఆవిడ కోపం కూడా ఎక్కడో సడలింది. బల్లకి దగ్గరగా వచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"సరే. మీకు ఎప్పటిది కావాలి? చెప్పండి."

"నిన్నటిది. మహా అయితే మొన్నటిది."

"అంటే నిన్న ఎవరు పోయుండాలండీ?"

ఆయన మొదట అర్థం కానట్టు చూశాడు.

"మీరు తొమ్మిది రోజులు, తొమ్మిది రోజులు అంటున్నారు. ఆ లెక్క మొదలైన నాడు ఒక ఇంట్లో ఒక మనిషి లేకుండా పోయారు. వాళ్లింట్లో ఏడుపు ఇంకా ఆగి ఉండదు. అంత ఏడుపులోనూ ఎవరో ఒకరు, కళ్లు ఇద్దాం, అన్నారు. నాకు పేరు తెలియదు, ముఖం తెలియదు. నాకోసమే అన్నారు ఆ మాట. మీకు అది పాతబడింది."

గిరాకీ ఒకాయన చేతిలో చేపని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

కళ్ల బాబాయ్ వెనక్కి తడుముకుని, తిరగేసిన పెట్టె మీద కూలబడ్డాడు. తడిచేతుల్ని మోకాళ్ల మీద పెట్టుకుని వాటి వైపే చూశాడు. చేపల బల్ల మీద అన్ని కళ్లూ ఆయన వైపే చూస్తున్నట్టున్నాయి.

"అలా అనుకోలేదు," అన్నాడు చివరికి. "సరుకు అనుకున్నాను."

"ముందు ఫోన్ చెయ్యరా," అంది పెద్దావిడ. "ఏడవాలంటే తర్వాత ఏడుద్దువు గానీ."

*

ఈసారి స్పీకర్లోనే చేశాడు. నలుగురూ తలలు దగ్గరపెట్టి విన్నారు.

"మా ఆవిడకి జ్వరం లేదండీ. నేనే అబద్ధం చెప్పాను. నాకు బుద్ధి లేక," అన్నాడు కళ్ల బాబాయ్.

కోఆర్డినేటర్ గొంతులో కోపాన్ని నొక్కిపెట్టడం తెలుస్తూనే ఉంది. "వరసలో తర్వాతాయనకి ఫోన్ చేశాం. ఊళ్లో లేరట, రాలేనన్నారు. కాబట్టి కార్నియా ఇంకా ఉంది. మీ అదృష్టం. కానీ రేపటి ఆపరేషన్ గదిని వేరే కేసుకి ఇచ్చేశాం. డాక్టరుగారికి మళ్లీ ఖాళీ శనివారమే."

కూతురు వేళ్ల మీద లెక్కపెట్టి కళ్లు మూసుకుంది. "పదకొండు రోజులు."

పెద్దావిడ కొడుకు భుజం తట్టింది. "తొమ్మిది రోజులది వద్దని దాన్ని పదకొండు రోజులది చేశావు. భేషైన వ్యాపారంరా."

ఎవరూ నవ్వకూడదనే అనుకున్నారు. ముందు కూతురు ముక్కులోంచి ఒక చప్పుడు వచ్చింది. తర్వాత టీచరమ్మ. ఆ తర్వాత గిరాకీలు కూడా. కళ్ల బాబాయ్ మాత్రం తల వంచుకుని అలాగే ఉన్నాడు.

"పదకొండంటే గీత దగ్గరికి వచ్చినట్టే," అంది కోఆర్డినేటర్. "డాక్టరుగారు కణాలు మళ్లీ లెక్కపెట్టించి చూస్తారు. సరిపడా ఉంటే చేస్తారు. లేకపోతే మీరు ఆగాల్సిందే. శుక్రవారం సాయంత్రం వచ్చి కలవండి."

ఆ రెండు రోజులూ ఇంట్లో ఆయన అడుగుల చప్పుడు వినిపించలేదు. వేలానికి వెళ్లి వచ్చాడు, గిన్నెలు కడిగాడు, అడక్కుండానే తల్లి రేడియో విప్పి మరమ్మతు చేశాడు. అది ఇంకా పాడైంది. గురువారం భోజనాల దగ్గర ఉన్నట్టుండి కూతుర్ని అడిగాడు.

"అక్కడ వాటిని ఎవరు చూసుకుంటారు? అంటే, చల్లదనం తగ్గితే?"

"గంటగంటకీ చూస్తాం నాన్నా. తగ్గినా పెరిగినా అలారం మోగుతుంది."

"కరెంటు పోతే?"

"జనరేటర్ ఉంది."

"అది కూడా పోతే?"

"అప్పుడు నిన్ను పిలుస్తాం. ఐసు తెచ్చివ్వు."

"తెస్తా," అన్నాడు ఆయన, ఎంతో సీరియస్‌గా.

*

శుక్రవారం సాయంత్రం డాక్టరమ్మ గదిలో భార్యాభర్తలిద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. కూతురు కావాలనే రాలేదు, తన మాట ప్రభావం ఉండకూడదని. డాక్టరమ్మ కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పింది.

"ఇది ఇవాళ మధ్యాహ్నం తీసిన ఫొటో."

తెర నిండా గడులు. ఒకదానికొకటి ఆనుకుని, సందు లేకుండా, ఎవరో ఓపిగ్గా పరిచిన పలకల్లా ఉన్నాయి. టీచరమ్మకి మసకగానే కనిపించింది. కళ్ల బాబాయ్ మాత్రం కుర్చీ అంచుకి జరిగి, వేలంలో వంగినట్టు వంగాడు.

"ఇవి..."

"కణాలు. మొదట లెక్కపెట్టినప్పటికీ ఇప్పటికీ కొద్దిగానే తగ్గాయి. నేను పెట్టుకున్న హద్దుకి ఇంకా చాలా పైనే ఉన్నాయి. రేపు చెయ్యడానికి నాకు అభ్యంతరం లేదు. నిల్వ రోజులు ఒక్కటే లెక్క కాదు. దాత కణాల ఆరోగ్యం, ఆపరేషన్లో మా చెయ్యి, తర్వాత మీరు మందు చుక్కలు వేసుకునే శ్రద్ధ, ఇవన్నీ కలిస్తేనే ఫలితం. ఆగుతానంటే అదీ మీ ఇష్టమే. ఇంకోటి ఎప్పుడొస్తుందో మాత్రం చెప్పలేను."

"ఇవి ఇంకా బతికే ఉన్నాయా డాక్టరుగారూ?" అన్నాడు ఆయన.

"బతికే ఉన్నాయి. అందుకే పనికొస్తాయి."

"మనిషి పోయాక ఇన్ని రోజులకి కూడా?"

"అవును."

ఆయన చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్లుగా కంట్లోకి చూసి చావు ఎంత పాతదో చెప్పిన మనిషి. మొదటిసారి, కంట్లోకి చూస్తే బతుకు కనిపించింది.

"మీ అమ్మగారికైతే ఇదే పెడతారా?"

డాక్టరమ్మ నవ్వింది. "మా అమ్మకైతే నేను చెయ్యను, చెయ్యి వణుకుతుంది. ఇంకో డాక్టరు చేత చేయిస్తాను. కార్నియా మాత్రం ఇదే ఇమ్మంటాను."

ఆయన వెనక్కి వాలి భార్య వైపు తిరిగాడు. "నీ ఇష్టం."

"నా ఇష్టం బుధవారమే చెప్పాను, ఫోన్లో," అంది టీచరమ్మ. "వినాల్సింది మీరే."

"విన్నాను," అన్నాడు ఆయన. "ఇప్పుడు విన్నాను."

*

శనివారం ఆపరేషన్ అయింది. కొత్త పొరని లోపలి గోడకి అతికించడానికి కంట్లో గాలిబుడగ పెట్టారు. అది పొరని పైకి అదిమి ఉంచాలంటే వెల్లకిలా పడుకుని కప్పు వైపే చూడాలన్నారు. మూత్రానికి తప్ప లేవకూడదు. టీచరమ్మకి ఆపరేషన్ కంటే అది కష్టమైంది.

"తల తిప్పకు," అన్నాడు కళ్ల బాబాయ్, మంచం పక్క కుర్చీలోంచి.

"తిప్పలేదు."

"తిప్పబోయావు."

"మీరు వాచ్‌మన్‌గా పుట్టాల్సింది."

చెంచాతో జావ తాగించాడు. సగం మెడ మీద పోశాడు. తుడవబోతే, "ఆగండి, తల కదులుతుంది" అని ఆవిడే ఆపింది. పెద్దావిడ ఎదురు మంచం మీద కూర్చుని కొడుకు అవస్థ చూస్తూ కాలక్షేపం చేసింది. రేడియో లేని లోటు తీరిపోయిందంది.

చూపు ఒక్కసారిగా రాలేదు. మొదట్లో గాలిబుడగ అంచు నీటి మట్టంలా ఊగుతూ కనిపించేది. అది కరిగాక మసక, మసకలోంచి రంగులు, రంగుల్లోంచి గీతలు. మందు చుక్కల బాధ్యత ఆయనే తీసుకున్నాడు. బల్ల మీద చేప బేరం సగంలో ఉన్నా, వేళకి కత్తి కింద పెట్టి, చేతులు రెండుసార్లు సబ్బుతో రుద్దుకుని ఇంటికి పరిగెత్తేవాడు. "బాబాయ్ కళ్లు చూడ్డానికి పోయాడు," అనుకుని గిరాకీలు ఆగేవాళ్లు.

ఇలా కొన్ని వారాలు గడిచాయి.

ఒక పొద్దున్న ఆయన వేలం నుంచి వచ్చాడు. వచ్చీ రాగానే స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, చుక్కల సీసా పట్టుకుని వంటింట్లోకి వచ్చాడు. టీచరమ్మ పొయ్యి దగ్గర ఉంది. వెనక్కి తిరిగి, కుడి కన్ను చేత్తో మూసుకుని, ఆయన్ని ఎగాదిగా చూసింది.

"దగ్గరికి రండి."

వచ్చాడు. ఆవిడ ఆయన కాలరు దగ్గరికి రెండు వేళ్లు తెచ్చి, ఏదో గిల్లి తీసి, ఆయన అరచేతిలో పెట్టింది.

చేప పొలుసు. గోరులో సగం లేదు. గాజు ముక్కలా, రంగే లేనిది. ఆయనకి అద్దంలో కూడా కనిపించనిది.

"స్నానం చేశానంటారు," అంది ఆవిడ. "ఇదేనా చెయ్యడం?"

ఆయన అరచేతి వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. పొద్దున్న వేళ. ఎడమ కన్ను నిగనిగలాడుతోంది. నవ్వాలో ఏడవాలో తేల్చుకోలేక రెండూ చేశాడు. ఆ గొడవకి పెద్దావిడా, కూతురూ పరిగెత్తుకొచ్చారు. సంగతి తెలిసి, నలుగురూ పొయ్యి మీద పాలు పొంగిపోయేదాకా అక్కడే నిలబడ్డారు.

కళ్లు ఇచ్చినవాళ్లకి ఉత్తరం రాయొచ్చని కూతురు ఎప్పుడో చెప్పింది. పేర్లు ఉండకూడదు, ఊరు ఉండకూడదు. ఐ బ్యాంకువాళ్లే అందజేస్తారు. ఆ సాయంత్రం ఆయన దుకాణం త్వరగా మూసి వచ్చి, కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. మీ రుణం తీర్చుకోలేనిది అని మొదలుపెట్టి కొట్టేశాడు. మీ త్యాగం అని రాసి చింపేశాడు.

"మంచి భాష వాడరా," అంది పెద్దావిడ.

"భాష వద్దు నాన్నా. నీకు అనిపించింది రాయి," అంది కూతురు.

టీచరమ్మ ఆయన పక్కన కూర్చుని, ఎడమ కంటితో, కలం కదలికనే చూస్తోంది.

ఆయన కొత్త కాగితం తీసుకున్నాడు. ఈసారి ఆగకుండా రాశాడు. రాసింది ఇంతే:

"అయ్యా, అమ్మా, ఇవాళ పొద్దున్న మా ఆవిడ నా చొక్కా మీద చేప పొలుసు చూసింది. చాలా చిన్నది. మీ ఇంటి మనిషి చూపించారు. ఈ మాట మీకు చెప్పాలనిపించింది."